నడుముకు యాభై తులాలు: రోజూ వెంట ఉంచుకునే రివాల్వర్‌ను ఎంచుకున్న నా అనుభవం

నల్లగొండ ప్రకాశం బజారులో మాకు బంగారు, వెండి ఆభరణాల అంగడి ఉంది. నెలకు నాలుగైదు సార్లు సికింద్రాబాదు పాట్ మార్కెట్‌కు పోయి, తయారైన నగలు తీసుకొని, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా రాత్రికి ఇల్లు చేరడం ఇరవై ఏళ్లుగా నా అలవాటు. 2022 చలికాలంలో ఒక రాత్రి, పంతంగి టోల్ గేటు దాటినప్పటి నుంచి ఒక మోటార్ సైకిలు మా కారును వదలకుండా వెనకే వచ్చింది. చిట్యాల దగ్గర హోటలు ముందు నేను ఆపితే వారూ కొంత దూరంలో ఆగారు. నేను చాయ తాగినంత సేపూ వారు బండి దిగలేదు. పోలీసు గస్తీ వాహనం ఒకటి వచ్చి ఆగిన తర్వాత వారు వెళ్లిపోయారు. వారు దొంగలో, తోవ తెలియని పిల్లలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాతి వారమే ఆయుధ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాను.

దరఖాస్తు సంగతి క్లుప్తంగా చెబుతాను. మా జిల్లాలో లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టరుది. పోలీసు నివేదిక వచ్చిన తర్వాతే నిర్ణయం ఉంటుంది. దరఖాస్తు వివరాలు ఎన్‌డాల్-ఆలిస్ అనే కేంద్ర వ్యవస్థలో నమోదై, మనిషికి ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. డాక్టరు ధ్రువపత్రం, ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా పెడతానన్న హామీ పత్రం, మూడేళ్ల ఆదాయపు పన్ను కాగితాలు, అంగడి లైసెన్సు అన్నీ జత చేశాను. స్టేషను నుంచి రెండుసార్లు ఇంటికి వచ్చి, చుట్టుపక్కల వారిని కూడా అడిగి వెళ్లారు. విచారణలో ఒక అధికారి అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది: "మీ సరుకు మీద బీమా ఉందా?" ఉందని, నగల వ్యాపారులు తీసుకునే జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ కట్టుకున్నానని చెప్పాను. "మరి తుపాకీ దేనికి?" అన్నారు. నా ప్రాణానికి అన్నాను. ఆ జవాబు ఆ క్షణానికి నోటికి వచ్చిందే గాని, అందులోని అర్థం శిక్షణకు పోయిన తర్వాత గాని నాకు పూర్తిగా పట్టుబడలేదు. 2023 ఆగస్టు మొదటి వారంలో లైసెన్సు చేతికి వచ్చింది.

ఏది కొనాలన్న ప్రశ్న అక్కడి నుంచి మొదలైంది. అంతకు ముందు ఏడెనిమిది నెలలుగా రాత్రుళ్లు కూర్చుని నేను చూసిన వీడియోలన్నీ విదేశాల 9 ఎంఎం పిస్టళ్లవి. మన చట్టం ప్రకారం 9 ఎంఎం నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం రంధ్రం కొలత) కిందికి వస్తుంది; సాధారణ పౌరుడికి దొరకదు. నా లాంటి వాడికి చేతి తుపాకీ అంటే ఆచరణలో .32 బోరు, లేదంటే ఇంకా చిన్నదైన .22. పైగా పౌరుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నడుమే ఆగిపోయింది కాబట్టి, అంతకు ముందు దేశంలోకి వచ్చిన పాత వాల్తర్ వంటి పిస్టళ్లు చేతులు మారుతూ లక్షల్లో ధర పలుకుతాయి. మా దూరపు చుట్టం ఒకాయన అలాంటిది ఒకటి ఇప్పిస్తానన్నాడు. దానికి విడిభాగం విరిగితే ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు. పాత నగ అయితే కరిగించి సొమ్ము చేసుకోవచ్చు, పాత పిస్టలును ఏం చేసుకోను? ఆ మాట అక్కడితో ముగిసింది.

చివరికి నా ముందు మిగిలినవి మూడు. కోల్‌కతా దగ్గరి ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారయ్యే 'అశని' అనే .32 పిస్టల్ మొదటిది. కాన్పూరులో 2014లో విడుదలైన 'నిర్భీక్' రివాల్వర్ రెండవది. నాకు లైసెన్సు వచ్చిన నెలలోనే, 2023 ఆగస్టు 18న, కాన్పూరు నుంచే వచ్చిన 'ప్రబల్' రివాల్వర్ మూడవది. నిర్భీక్‌ను 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘటన తర్వాత ఆడవారి రక్షణ కోసమంటూ రూపొందించారు. టైటానియం మిశ్రలోహంతో చేసిన ఆ రివాల్వర్ బరువు దాదాపు 500 గ్రాములు, విడుదలైనప్పటి ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. దానిని అప్పట్లో నగల పెట్టె లాంటి ముదురు ఎరుపు పెట్టెలో పెట్టి ఇచ్చారని చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మా అంగడిలో హారాలకు వాడేది అదే రంగు. లక్షా ఇరవై వేలు పెట్టి ఒక సగటు ఇంటి ఆడపిల్ల దీన్ని ఎట్లా కొంటుందన్న విమర్శ అప్పుడే వచ్చింది, అది న్యాయమైన విమర్శే. ప్రబల్ బరువు తూటాలు లేకుండా 700 గ్రాములు, గొట్టం పొడవు 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6 మిల్లీమీటర్లు. యాభై మీటర్ల దూరం వరకు పనిచేస్తుందని తయారీదారులు చెప్పారు. యాభై మీటర్ల అవతల ఉన్న మనిషితో నాకు తగవు ఎందుకు ఉంటుంది? అంత దూరంలో ఉంటే నేను కారు తిప్పుకొని పోవాలి.

నాకు శిక్షణ ఇచ్చినది మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన ఒక విశ్రాంత సుబేదారు. మొదటి రోజు ఆయన తుపాకీ ముట్టుకోనివ్వలేదు. ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు ఉంటుందో చెప్పడానికే ఒక పూట తీసుకున్నారు. అప్పటికి అమలులో ఉన్నది ఐపీసీ 96 నుంచి 106 సెక్షన్లు. 2024 జూలై 1 తర్వాత అవే విషయాలు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లలో ఉన్నాయి. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు రాదని, అవసరానికి మించిన హాని చేయడం కుదరదని ఆయన రెండు మూడు ఉదాహరణలతో వివరించి, చివరగా ఇలా అన్నారు: "సంచి అడిగితే సంచి ఇచ్చెయ్ సేటు. బీమా ఉన్నది గద. ఇది సంచి కోసం కాదు. సంచి తీసుకున్నంక గూడ నిన్ను వదలనోడు ఉంటడు సూడు, వాని కోసం." కలెక్టరేటు విచారణలో నేను యథాలాపంగా అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. నా ఎంపిక కూడా ఆ మాటతోనే మారింది. సరుకును కాపాడే ఆయుధమైతే కారులో ఉన్నా సరిపోతుంది. ప్రాణాన్ని కాపాడేది అయితే నేను కారు దిగి టీ కొట్టు దగ్గర నిలబడినప్పుడు కూడా నా ఒంటి మీదే ఉండాలి.

మొదట్లో నా మనసు పిస్టల్ మీదే ఉండేది. అది పలచగా ఉంటుంది, నడుముకు అతుక్కొని కూర్చుంటుంది. రివాల్వర్‌లో తూటాలు పట్టే చక్రం దగ్గర ఉబ్బు తప్పదు. జడ్చర్లలో పత్తి వ్యాపారం చేసే మా బావమరిది పిస్టలే వాడతాడు, ఈనాటికీ నా ఎంపికను ఒప్పుకోడు. కాని సాధనలో రెండు విషయాలు నన్ను అటు నుంచి ఇటు లాగాయి. పిస్టల్ నుంచి మ్యాగజైన్, అంటే తూటాలు పట్టే అర, తీసేసినంత మాత్రాన అది ఖాళీ అయినట్టు కాదు. గొట్టం వెనక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు, ఇళ్లలో జరిగే ప్రమాదాలలో ఎన్నో ఆ ఒక్క తూటా వల్లనే జరుగుతాయి. నేను ప్రతి రాత్రీ దాన్ని నడుము నుంచి తీసి పెట్టవలసిన వాడిని, అదీ రోజంతా బేరాలాడి, లెక్కలు చూసి, నూరు కిలోమీటర్లు కారు నడిపి వచ్చిన తర్వాత. నిర్భీక్ తరహా రివాల్వర్ గొట్టం దగ్గర విరిచినట్టు కిందికి తెరుచుకుంటుంది, ఆరు తూటాలూ ఒకేసారి పైకి లేస్తాయి, ఆరు రంధ్రాల గుండా దీపం వెలుతురు కనిపిస్తుంది. అలసిన కంటికి అంతకంటె నమ్మకమైన పరీక్ష మరొకటి నాకు కనిపించలేదు. ప్రబల్‌లో ఆ చక్రం పక్కకు తెరుచుకుంటుంది, అది కూడా తేలికే. ఇక రెండవది, ఒక తూటా పేలకపోతే రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వరుసలోకి వస్తుంది. పిస్టల్‌లో రెండో చేతితో పైభాగాన్ని వెనక్కి లాగి పేలని తూటాను బయటికి తోయాలి. కారు సీట్లో ఇరుక్కుని, ఎడమ చేయి తలుపు గడియ మీద ఉన్నప్పుడు రెండో చేయి ఎక్కడి నుంచి తేవాలి?

ఇక్కడే కొత్తవారు పొరపడే విషయం ఒకటి చెప్పాలి. రెండింటినీ .32 అనే అంటారు గాని, రివాల్వర్ తూటా వేరు, పిస్టల్ తూటా వేరు. రివాల్వర్‌కు వాడేది అడుగున అంచు ఉన్న పొడవాటి.32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, పిస్టల్‌కు వాడేది పొట్టిదైన .32 ఏసీపీ. ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. తూటాలు కొనేటప్పుడు "పాయింట్ ముప్పై రెండు" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే చిక్కు. శిక్షణలో ఒకాయన అలాగే తప్పు పెట్టె తెచ్చుకుని తిరిగి వెళ్లాడు.

గురి విషయంలో నాకు నా వయసు అడ్డం వచ్చింది. యాభై రెండేళ్లకు చత్వారం వచ్చినవాడిని. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే లక్ష్యం మసకబారుతుంది, తీస్తే గొట్టం చివరన ఉండే గురి ముల్లు మసకబారుతుంది. సుబేదారు గారు ఏడు గజాల దూరంలో కాగితం పెట్టించి, ముల్లు మసకగా కనిపించినా మణికట్టు కదలకుండా ట్రిగ్గర్‌ను సాఫీగా చివరి దాకా నొక్కడమే నా పని అన్నారు. సుత్తిని ముందే వెనక్కి లాగి పెడితే ట్రిగ్గర్ తేలికగా కదులుతుంది. లాగకుండా నేరుగా నొక్కితే బరువుగా, పొడవుగా సాగుతుంది. రోజూ వెంట ఉంచుకునే వాడు ఆ బరువైన నొక్కుకే అలవాటు పడాలన్నది ఆయన పట్టుదల, ఎందుకంటే భయంలో ఉన్న వేలికి ఆ బరువే కొంత ఆలోచించే వ్యవధి ఇస్తుంది. ఆయన దగ్గర ఉన్న పాత కాన్పూరు రివాల్వర్‌తో మొదటి ఆరింటిలో రెండు కాగితం అంచును కూడా తాకలేదు. నాలుగో ఆదివారానికి ఆరూ అరచేయి వెడల్పులోకి వచ్చాయి. ఉంగరాలకు రాళ్లు పొదిగిన చేయి కాబట్టి వణుకు లేదని ఆయన మెచ్చుకున్నారు. నిజానికి రాళ్లు పొదిగేది మా తమ్ముడు, నేను బిల్లులు రాసేవాడిని. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

నిర్భీక్‌కు, ప్రబల్‌కు మధ్య తేల్చుకోవడానికి మాత్రం ఎవరి సలహా పనికి రాలేదు. కాగితం మీద తేడా 200 గ్రాములు. బంగారంలో అయితే ఆ తేడాకు ఒక ఇల్లు వస్తుంది; నడుముకు ఆ తేడా ఎంతో ఊహించడం నా వల్ల కాలేదు. చివరికి మా వీధి చివర ఉండే వడ్లాయనకు ప్రబల్ కొలతలు రాసిచ్చి, టేకు చెక్కతో ఒక మొద్దు నమూనా చేయించాను. రంగు వేయించలేదు, తుపాకీ అని ఎవరూ పొరబడకుండా పిడి, చక్రం, గొట్టం ఉండే చోట్ల మందం మాత్రమే సరిగ్గా పెట్టమన్నాను. లోపల తొలిపించి, మా అంగడి తూకపు రాళ్లు, సీసపు ముక్కలు నింపి, ముందు 750 గ్రాములకు తూచాను, తూటాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి. ఆ మొద్దును తోలు ఒరలో పెట్టి పది రోజులు నడుముకు కట్టుకున్నాను. తర్వాత సీసం కొంత తీసేసి 550కి దించి మరో పది రోజులు కట్టుకున్నాను.

మొదటి పది రోజుల అనుభవం చెబితే నవ్వుతారు. మూడు రోజులు హుషారుగా గడిచాయి. నాలుగో రోజు సికింద్రాబాదు పోతూ చౌటుప్పల్ దగ్గర ఇడ్లీ తినడానికి దిగినప్పుడు, నడుము గుంజుతోందని ఆ మొద్దును తీసి కారు డాష్‌బోర్డు అరలో పెట్టి దిగాను. తిని వచ్చి అర తెరిచి చూసిన తర్వాత గాని నేను ఏం చేశానో నాకు తట్టలేదు. అది నిజమైన రివాల్వర్ అయి ఉంటే, నిండుగా తూటాలున్న ఆయుధాన్ని రోడ్డు పక్కన నిలిపిన కారులో వదిలి పోయినట్టు లెక్క. ఎవడైనా అద్దం పగలగొట్టి తీసుకుపోతే, ఆ తర్వాత దానితో జరిగే ప్రతి పనికీ మొదటి జవాబుదారు నేనే. ఆ పది రోజుల్లో ఇంకా మూడుసార్లు అట్లాగే తీసి పక్కన పెట్టాను. ఒకసారి గల్లా పెట్టె కింద, ఒకసారి గుడి బయట కారులో, ఒకసారి ఇంట్లో సోఫా మీద. 550 గ్రాముల పది రోజుల్లో ఒక్కసారి కూడా తీయలేదు. ఏడో రోజు స్నానానికి పోతూ చొక్కా విప్పిన తర్వాత గాని అది ఒంటి మీద ఉందన్న సంగతి గుర్తుకు రాలేదు. నిర్భీక్ తేలికైనది కాబట్టి పేలినప్పుడు చేతిని కొంచెం ఎక్కువగా తంతుంది, అది నిజమే. కాని .32 తూటా తన్ను పెద్దది కాదు, దాన్ని నేను నెలకొకసారి భరిస్తే చాలు. బరువును మాత్రం రోజుకు పద్నాలుగు గంటలు భరించాలి.

ఒర, బట్టల విషయంలో అనుకున్నదాని కంటే ఎక్కువ ఇబ్బంది పడ్డాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒరలో గాని, అటువంటి మరో సంచిలో గాని ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. బెల్టుకు బయట తగిలించే ఒర హాయిగానే ఉంటుంది, కాని అంగడిలో పై అర నుంచి వెండి పళ్లెం దించడానికి చేయి ఎత్తగానే చొక్కా పైకి లేచి అంతా బయటపడుతుంది. అందుకని ప్యాంటు లోపలి వైపు దిగే ఒర తీసుకున్నాను. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ పూర్తిగా ఒరలోకి మునగాలి, తోలు మెత్తబడి అక్కడ మడత పడకూడదు. ఈ ఒక్క విషయంలో చౌక చూసుకుంటే ప్రమాదం. ఎక్కడ పెట్టుకోవాలన్నది కూడా మనిషి కూర్చునే తీరును బట్టి ఉంటుంది. మాది పరుపు మీద బాసింపట్టు వేసుకొని కూర్చునే అంగడి. పొట్ట ముందు పెట్టుకుంటే వంగినప్పుడల్లా పిడి పక్కటెముకల్లో పొడుచుకుంటుంది, వెనక నడుముకు పెట్టుకుంటే గోడకు ఒరగడం కుదరదు. కుడి తుంటి ఎముకకు కొంచెం వెనకగా పెట్టుకుంటే ఈ రెండూ తప్పుతాయి. మామూలు బెల్టు ఒకవైపు జారిపోతుంది కాబట్టి రెండు పొరల మందపు బెల్టు కుట్టించాను. లోపలి ఒర పట్టడానికి నడుము కొలత 36 ఉన్న ప్యాంట్లన్నీ పక్కన పెట్టి 38వి అరడజను కుట్టించుకోవలసి వచ్చింది. తుపాకీ ఖర్చు లెక్క వేసుకునే వారు ఈ దర్జీ ఖర్చు కూడా కలుపుకోవాలి.

మా ఇంటి ఆమె అభ్యంతరం వేరే. "మీరు బంగారం మోస్తరని ఇన్నొద్దులు దొంగలకే తెలుసు. ఇప్పుడు నడుము ఉబ్బు చూసి ఊరంత తెలుస్తది" అన్నది. అందుకే అద్దం ముందు కాకుండా, ఆమె ముందు నిలబడి, వంగి, కూర్చుని, చేతులెత్తి చూపించి, ఎక్కడా కనిపించడం లేదని ఆమె ఒప్పుకున్న చొక్కాలనే ఉంచుకున్నాను. తెల్లని పలుచటి చొక్కాలు పోయాయి. గళ్ల చొక్కాలు, వదులువి మిగిలాయి.

సెప్టెంబరులో హైదరాబాదులో లైసెన్సు ఉన్న ఆయుధాల అంగడి ఒకదానిలో నిర్భీక్ తీసుకున్నాను. ఖాళీదని ముందు వారు చూపించి, తర్వాత నేను చూసుకొని, విరిచి తెరిచే కీలు దగ్గర ఊగులాట ఉందేమోనని మా భూతద్దంతో పరీక్షించాను. గొట్టం లోపల వెలుతురులో గాట్లు, తుప్పు లేవని చూశాను. సుత్తి వెనక్కి లాగినప్పుడు చక్రం గట్టిగా నిలుస్తోందా అని చూశాను. రివాల్వర్ మీది సంఖ్య, బిల్లు మీది సంఖ్య, లైసెన్సులో ఎక్కించిన సంఖ్య ఒకటేనా అని మూడుసార్లు సరిపోల్చాను. ఇంటికి వచ్చి మా కాటా మీద పెడితే యాభై తులాల దరిదాపుల్లోనే తూగింది, ఆరు తూటాలకు మరో ఐదారు తులాలు. మా నాన్న కాలపు తులమైతే 11.66 గ్రాములు, ఇప్పటి అంగళ్లలో తులమంటే పదే. నేను చెప్పేది ఇప్పటి లెక్క.

వాడకంలో నన్ను ఎక్కువ వేధించినది మా జిల్లా ఎండ. మేలో నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు తగిలే చోట ఒంటికి ఆనుకొని ఉన్న తోలు చెమటను పీల్చుకొని వదలదు. ఒక్క వారం అశ్రద్ధ చేస్తే ఉక్కు మరల మీద ఎర్రని చుక్కలు లేచాయి. అప్పటి నుంచి రెండు ఒరలు మారుస్తున్నాను, ఒకటి ఒంటి మీద ఉంటే మరొకటి నీడలో ఆరుతుంది. రాత్రి నూనె గుడ్డతో తుడవడం, తూటాలు ఆరూ లెక్కపెట్టి వేరే డబ్బాలో పెట్టడం, రెండింటినీ రెండు తాళాల్లో ఉంచడం జరుగుతుంది. ఐదేళ్ల మనుమడు ఉన్న ఇల్లు కాబట్టి తాళం చెవులు దేవుని అరలో కాదు, నా మొలతాడుకే ఉంటాయి. పెళ్లి బరాతులకు అది కట్టుకొని పోను. సంబరాలలో గాలిలోకి కాల్చడం 2019 సవరణ తర్వాత రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ పడే నేరమని తెలియక, "ఒక్కటి కొట్టు మామా" అని అడిగే పిల్లలు మా చుట్టాలలోనే ఉన్నారు.

కొన్న నెల తిరగకముందే, 2023 అక్టోబరు 9న శాసనసభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఎన్నికల నియమావళి ఉన్నన్ని రోజులు లైసెన్సుదారులు ఆయుధాలు స్టేషనులో అప్పగించాలన్న కబురు వచ్చింది. రసీదు తీసుకొని ఇచ్చి వచ్చాను. డిసెంబరు 3న ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నాను. మళ్లీ 2024 మార్చి 16న లోక్‌సభ షెడ్యూలు, మళ్లీ స్టేషను, జూన్‌లో గాని తిరిగి రాలేదు. కొన్న మొదటి తొమ్మిది నెలల్లో నాలుగు నెలలకు పైగా అది నా దగ్గర లేదు. ఆ రోజుల్లో సికింద్రాబాదు ప్రయాణాలు పగటి పూటకు మార్చుకున్నాను, తమ్ముడిని వెంట తీసుకుపోయాను, నగలు తక్కువ తక్కువగా తెచ్చాను. రివాల్వర్ తిరిగి వచ్చిన తర్వాత కూడా ఆ మూడు పద్ధతులూ మానలేదు. చిక్కల్లా కుట్టించుకున్న ఆ 38 ప్యాంట్లతోనే వచ్చింది. ఒర లేని నడుముకు అవి నిలవక, ఏప్రిల్ ఎండలో పాట్ మార్కెట్ మెట్లెక్కుతూ ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకోవలసి వచ్చేసరికి, మందపు బెల్టుకు చెప్పులు కుట్టే అతని దగ్గర ఇంకో రెండు రంధ్రాలు పొడిపించుకున్నాను.